గర్భరక్షణము – జ్ఞానదానము

భారతయుద్ధము ముగిసినది. పాండవవంశమునకు మిగిలిన అంకురము ఒక్కటే. అది అభిమన్యుని భార్యయగు ఉత్తర గర్భమున నున్న శిశువు. ఆ యంకురమును గూడ త్రుంచదలచి అశ్వత్థామ బ్రహ్మాస్త్రమును ప్రయోగించెను. ఉత్తర పరుగున వచ్చి శ్రీకృష్ణుని శరణు వేడినది. తన ప్రాణములు పోయినను చింత లేదు, గర్భము మాత్రము నిలువవలెనని ఆమె ప్రార్థన. భగవానుడు తన యోగమాయచే ఆ గర్భమును కప్పి కాపాడెను. బొటనవ్రేలంత ప్రమాణముతో, గదను త్రిప్పుచు తన చుట్టును తిరుగుచున్న దివ్యపురుషుని ఆ శిశువు తల్లికడుపులోనే దర్శించెనని శ్రీమద్భాగవతము ప్రథమస్కంధమున చెప్పబడినది. విష్ణువుచే ఈయబడినవాడు కనుక అతడు విష్ణురాతుడు. గర్భమున చూచిన ఆ పురుషుడు ఎవడా యని ప్రతిమానవుని పరీక్షించినాడు కనుక పరీక్షిత్తు.

కర్మభూమియందలి ప్రతి గర్భమునకును ఆ గదాధరుడే కావలి యని వైష్ణవుల విశ్వాసము. మనుస్మృతి గర్భమును హతమార్చుటకు బ్రహ్మహత్యతో సమానమైన ప్రాయశ్చిత్తమును విధించినది. భ్రూణహత్య యను మాట చెవినిబడిన మాత్రముననే ఆస్తికులు చెవులు మూసికొందురు. ఇది యుచితమే. కాని చెవులు మూసికొనుటతో ధర్మము నెరవేరినట్లగునా యనునది విచారింపదగిన ప్రశ్న.

కన్నులు తెరచి చూచినచో

2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ అను వైద్యపత్రికలో మనదేశమును గూర్చిన యొక పరిశోధన ప్రకటింపబడినది. దాని యంచనా ప్రకారము 2015లో భారతదేశమున జరిగిన గర్భస్రావ చికిత్సలు సుమారు ఒక కోటి ఏబదియారు లక్షలు. ఆ సంవత్సరము కలిగిన గర్భములలో దాదాపు సగము దంపతులు కోరనివి, లేదా అప్పటికి వలదనుకొన్నవి. ఇంకను వెరపు కలిగించు విషయ మొకటి కలదు. ఆ కోటి ఏబదియారు లక్షలలో కోటి పదునైదు లక్షలు ఆసుపత్రి గడప త్రొక్కకయే, మందుబిళ్ళలతో చాటుమాటుగ జరిగినవి.

ఈ సంఖ్యను చూచి లోకము చెడిపోయినదని నిట్టూర్చుట సులభము. ఆ స్త్రీలు ఎవరని యడుగుట కష్టము. మూడవ కాన్పు తరువాత ఇక నోపలేనని భర్తకు చెప్పలేకపోయిన యిల్లాలు. పాలిచ్చు బిడ్డ చంకనుండగనే మరల కడుపు వచ్చినదని తెలిసి నివ్వెరపోయిన తల్లి. పదునేడేండ్లకే కాపురమునకు వచ్చి, తన దేహమున ఏమి జరుగుచున్నదో చెప్పువారు లేక బిక్కుబిక్కుమనుచున్న కోడలు. వీరిలో క్రూరత్వమును వెదకినను కానరాదు. కానవచ్చునది తెలియనితనము, భయము, చెప్పుకొనుటకు తావులేమి. పాపము ఫలమైనచో దాని వేరు ఇచ్చట కలదు. ఫలమును తిట్టి వేరును విడుచుట వివేకుల లక్షణము కాదు.

దండనముచే ఆగునా?

చట్టముతో నిషేధించినచో ఇది యాగునని కొందరందురు. మనదేశమున 1860 నాటి శిక్షాస్మృతి తల్లి ప్రాణరక్షణకు తప్ప గర్భస్రావమును నేరముగనే పరిగణించినది. ఐనను నాటుమంత్రసానుల చేతులలో స్త్రీలు మరణించుట ఆగలేదు. ఆ దుఃస్థితిని విచారించుటకు 1964లో శాంతిలాల్ షా అధ్యక్షతన సంఘమేర్పడినది, దాని సూచనలమీద 1971లో వైద్యపరమైన గర్భస్రావ చట్టము వచ్చినది, 2021లో సవరింపబడినది.

నిషేధము యొక్క ఫలితమునకు యూరపు ఖండమునందలి రుమేనియా దృష్టాంతము. అచ్చటి ప్రభుత్వము 1966లో గర్భస్రావమును నిషేధించెను. గర్భనిరోధ సాధనములును ప్రజలకు దొరకకుండెను. భ్రూణములు రక్షింపబడినవా? కొలది యేండ్లలోనే చాటుగ జరుగు గర్భస్రావములు పెరిగి, వేలకొలది తల్లులు మరణించిరి. 1989లో ఆ ప్రభుత్వము కూలి నిషేధము తొలగగనే మరుసటి సంవత్సరము దాదాపు పదిలక్షల గర్భస్రావములు జరిగినవి. అప్పటికిని జనులకు వేరు ఉపాయము తెలియదు గదా! తరువాతి రెండు దశాబ్దములలో గర్భనిరోధ సాధనములు, వానిని గూర్చిన తెలివిడి వ్యాపించినకొలది ఆ సంఖ్య లక్ష ప్రాంతమునకు దిగినది. దండనము చేయలేని పనిని తెలివిడి చేసినది. భ్రూణరక్షణమే ఆశయమైనచో ఏ మార్గము ఫలించినదో విచారించి చూచుకొనవలెను.

కుంతి కథ చెప్పు నీతి

తెలియజెప్పకుండుట ఎంత యనర్థమో మన యితిహాసమే చూపినది. కుంతిభోజుని యింట కన్యయైన కుంతి, దుర్వాసమహర్షికి శ్రద్ధతో పరిచర్య చేసెను. మహర్షి సంతసించి దేవతాహ్వానమంత్రము నుపదేశించెను. మంత్రమిచ్చిన మహర్షి వెడలిపోయెను. దాని శక్తి యెట్టిదో, దానిని ఎప్పుడు వాడవలెనో, ఎప్పుడు వాడరాదో ఆ బాలికకు ఎవరు విడమరచి చెప్పిరి? బాల్యమునకు సహజమైన కుతూహలముతో ఆమె సూర్యుని పిలిచినది. పిలిచినపిదప వెనుకకు పొమ్మని వేడినది. దేవదర్శనము వ్యర్థము కానేరదని సూర్యుడు చెప్పెను.

యౌవనమును అట్టి మంత్రమే. ప్రకృతి దానిని ప్రతి బాలునకు, ప్రతి బాలికకు అడుగకయే యిచ్చును. దాని శక్తిని చెప్పక, మర్యాదను చెప్పక, పర్యవసానమును చెప్పక, తరువాత జరిగినదానికి వారినే నిందించుట న్యాయమా? కుంతి లోకాపవాదమునకు వెరచి పసికందును పెట్టెలో నుంచి నదిలో విడిచెను. ఆమె శిశువును చంపలేదు. దైవము వానిని రక్షించినది. కాని తల్లితో చెప్పుకొనలేని ఆ రహస్యము యుద్ధము ముగియువరకు ఆమె గుండెలో కుంపటియై యుండెను. అన్న యని యెరుగక అన్ననే తమ్ముడు చంపెను. జలతర్పణవేళ నిజము విన్న ధర్మరాజు పొందిన శోకమునకు మేర లేదు. స్త్రీల కడుపులో రహస్యము దాగకుండుగాకయని ఆయన శపించెను. ఆ శాపమును తిరుగవేసి చూచినచో అందొక హితవు కలదు: బిడ్డ తన రహస్యమును నిర్భయముగ చెప్పుకొనగల తల్లి యింట నుండవలెను.

నిరోధము హత్య యగునా?

ఇచ్చట శ్రద్ధాళువులకు ఒక సందేహము కలుగుట సహజము. గర్భమును తీయుట పాపమైనచో, గర్భము రాకుండ చేయుటయు పాపమే కాదా? ఇది తేలికగ త్రోసిపుచ్చదగిన ప్రశ్న కాదు.

భాగవతము తృతీయస్కంధమున కపిలభగవానుడు దేవహూతికి జీవుని గర్భవాసమును వర్ణించెను. కర్మవశమున దైవప్రేరితుడై జీవుడు తండ్రి బీజము నాశ్రయించి తల్లి గర్భమున ప్రవేశించును. ఒక రాత్రికి కలలము, అయిదు రాత్రులకు బుద్బుదము, ఇట్లు క్రమముగ పెరుగును. ఈ క్రమమంతయు గర్భప్రవేశము పిదప చెప్పబడినది. గర్భమే ఏర్పడనిచోట భ్రూణము లేదు. భ్రూణము లేనిచోట భ్రూణహత్య లేదు.

ఇంతకంటె స్పష్టమైన ప్రమాణము బృహదారణ్యకోపనిషత్తున కలదు. దాని ఆరవ అధ్యాయము నాలుగవ బ్రాహ్మణము సంతానవిషయకము. పాఠశాలలలో తరచు అర్థము చెప్పక దాటవేయబడు భాగమిది. ఉద్దాలకుడు, నాకుడు, కుమారహారితుడు మున్నగు మహనీయులు ఈ విద్య నెరిగినవారని శ్రుతియే పేర్కొన్నది. అందు సంతానము కోరువానికి విధి కలదు. ఆ ప్రక్కనే, గర్భము కలుగవలదని కోరువానికిని విధి కలదు. ఆ ప్రాచీనవిధి ఇప్పుడు ఆచరణీయమా కాదా యనునది వేరు మాట. దంపతులు తమ సంతానమును గూర్చి తలపోసి నిర్ణయించుకొనుట వేదమునకు కొత్తగాని వెగటుగాని కాదని మాత్రము దీనివలన తేలుచున్నది. ఈ విషయమును పలుకుటయే అపవిత్రమనువారు, ఋషులకు లేని సిగ్గు తమకెందుకు కలిగినదో ఆలోచింపవలెను.

బ్రహ్మచర్యము చాలదా?

రెండవ సందేహము నిగ్రహమును గూర్చినది. 1935 డిసెంబరులో మార్గరెట్ శాంగర్ అను అమెరికా వనిత వార్ధాలో గాంధీమహాత్ముని దర్శించి కృత్రిమ సాధనములను గూర్చి చర్చించినది. సంతాననియమము కావలసినదేయని మహాత్ముడంగీకరించెను; కాని దానికి ఆత్మనిగ్రహమొక్కటే మార్గమని పలికెను. మనువును, నింద్యరాత్రులను, మరి యెనిమిది రాత్రులను విడిచిన గృహస్థు బ్రహ్మచారితో సమానుడని చెప్పెను. ఈ యాదర్శము ఉన్నతమైనది. దానిని తక్కువచేసి మాటాడుట తగదు.

ఐనను శాస్త్రము అందరకు ఒకే మెట్టు విధింపలేదు. సన్న్యాసికి విధించినది గృహస్థునకు విధింపలేదు. ధర్మమునకు విరుద్ధము కాని కామము తన స్వరూపమేయని గీతాచార్యుడు సెలవిచ్చెను. నిగ్రహము సాధించినవారు ధన్యులు. సాధింపలేనివారి పాపమునకు కడుపులోని శిశువును బలి యిచ్చుట ఏ ధర్మము? మరియొకటి: నిగ్రహము ఇద్దరిదై యుండవలెను. వలదని చెప్పు స్వాతంత్ర్యము అనేకులైన యిల్లాండ్రకు లేదు. భర్త నిగ్రహింపడు, భార్య కాదనలేదు. ఆమెకు మిగిలినది గర్భస్రావమే. అట్టి యింట నిగ్రహమును బోధించి ఊరకుండుట, వరదలో కొట్టుకొనిపోవువానికి ఈత గొప్పదనమును వర్ణించుట వంటిది.

తిథులు లెక్కించుకొని నడచువారు కొందరు కలరు. శాస్త్రము చెప్పిన పదునారు ఋతురాత్రులు సంతానము కోరువారికై చెప్పినవి. గర్భధారణకు అనువగు దినములు సాధారణముగ తరువాతి ఋతువునకు పదునాలుగు దినముల ముందుండును. నెలసరి తప్పినకొలది ఆ లెక్కయు తప్పును. లెక్కను మాత్రమే నమ్మి మోసపోయినవారు అనేకులు.

చెప్పినచో చెడుదురా?

మూడవ సందేహము పిల్లలను గూర్చినది. చెప్పనిచో అమాయకులుగ నుందురు, చెప్పినచో చెడుదురని పెద్దల భయము. 2005లో కేంద్రప్రభుత్వము పాఠశాలలలో కౌమారవిద్యా కార్యక్రమమును ప్రవేశపెట్టగా, 2007లో మహారాష్ట్ర, కర్ణాటక, మధ్యప్రదేశ్ మున్నగు రాష్ట్రములు ఈ భయముతోనే దానిని నిలిపివేసినవి. కాని పలుదేశముల యనుభవమును పరిశీలించి యునెస్కో సంస్థ 2018లో ప్రకటించిన మార్గదర్శకము, వయసుకు తగిన యిట్టి విద్య పిల్లలను తొందరపెట్టదనియు, పలుచోట్ల జాగ్రత్తను పెంచినదనియు తెలిపినది. చేతిలో ఫోను ఉన్న పిల్లవానికి నేడు తెలియకుండుట యనునది లేదు. తల్లిదండ్రులు చెప్పనిది వీధి చెప్పును. వీధి వికారమును చెప్పును గాని మర్యాదను చెప్పదు.

మన ఆయుర్వేదము ఈ విషయమున మౌనము వహింపలేదు. పదునారేండ్లు నిండని బాలికయందు, ఇరువదియైదేండ్లు నిండని పురుషుని వలన నిలిచిన గర్భము కడుపులోనే నశించుననియు, పుట్టినను చిరకాలము జీవింపదనియు, జీవించినను దుర్బలమగుననియు సుశ్రుతాచార్యుడు శారీరస్థానమున హెచ్చరించెను. కాని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున ఇరువది మొదలు ఇరువదినాలుగేండ్ల వయసుగల స్త్రీలలో నూటికి 29 మందికి పదునెనిమిదేండ్లు నిండకమునుపే వివాహమైనది. బాల్యవివాహము నేరము, శాస్త్రసమ్మతమను సాకు కూడ దానికి లేదు.

ఇంటిలో చెప్పవలసినది కొండంత లేదు. చిన్నపిల్లలకు తమ దేహమున ఇతరులు తాకరాని తావులు కలవని, అట్లు తాకినవానిని గూర్చి తల్లితో చెప్పవలెనని తెలుపవలెను. వయసు వచ్చుచున్న బాలికకు ఋతుధర్మము మైలయను మాటతో ముగింపక, దాని కారణమును చెప్పవలెను. బాలునకు పరస్త్రీ దేహము తన వినోదవస్తువు కాదని, సమ్మతి లేనిచోట దాంపత్యమునందును ధర్మము లేదని తండ్రి చెప్పవలెను. పెండ్లికి ముందు వధూవరులకు గర్భమెట్లు కలుగునో, ఎట్లు ఆపుకొనవచ్చునో పెద్దలో, వైద్యులో తెలుపవలెను. గర్భాధానమును షోడశసంస్కారములలో మొదటిదిగ నిలిపిన సంప్రదాయము, దానికి కావలసిన జ్ఞానమును సిగ్గుపడి దాచుట వింత.

గృహస్థుల కర్తవ్యము

ప్రహ్లాదుని తల్లి కయాధువు. తెలుగునాట లీలావతి యని వాడుక. హిరణ్యకశిపుడు తపమునకు పోయిన సమయమున ఇంద్రు డామెను చెరబట్టెను. గర్భస్థశిశువును పుట్టగనే చంపవలెనని ఆతని తలంపు. నారదుడు అడ్డుపడి గర్భమున నున్నది పరమభాగవతుడని తెలుపగా, ఇంద్రుడామెకు ప్రదక్షిణము చేసి విడిచెను. ఆమె నారదాశ్రమమున నివసించుచు, గర్భము క్షేమమునకును, తాను కోరిన సమయమున ప్రసవమగుటకును ఆ మునిని సేవించెనని భాగవతము సప్తమస్కంధము చెప్పుచున్నది. ఇచ్ఛాప్రసూతియను ఆ మాట గమనింపదగినది. తగిన కాలమున బిడ్డ కలుగవలెనని తల్లి కోరుట దోషము కాదు. దేవర్షియే యా కోరికను మన్నించెను.

తెలుగు కుటుంబములలో ఈ కాలవిచక్షణమే కొరవడినది. అదే సర్వే లెక్కలనుబట్టి ఆంధ్రప్రదేశమున వివాహిత స్త్రీలలో నూటికి దాదాపు 70 మంది శస్త్రచికిత్స చేయించుకొన్నవారు. తాత్కాలిక పద్ధతులన్నియు కలిపినను నూటికి ఇద్దరు వాడుట లేదు. అనగా పెండ్లి, వెంటవెంట రెండు కాన్పులు, చిన్నవయసుననే ఆపరేషను. నడుమ ఎడమిచ్చు నుపాయము లేదు. ఆ నడుమ వచ్చిన కోరని గర్భమే గర్భస్రావమునకు పోవుచున్నది. దేశము మొత్తమున శస్త్రచికిత్స చేయించుకొన్న పురుషులు నూటికి ఒకరు కూడ లేరు. స్త్రీకి చేయుదానికంటె పురుషునకు చేయునది చిన్నది, సులువైనది. అర్ధనారిని గౌరవించు భర్త ఈ భారమున భాగము వహింపరాదా?

ఉపాయములు దూరమున లేవు. ప్రాథమిక ఆరోగ్యకేంద్రములలో నిరోధ్ తొడుగులు, మాత్రలు, పదియేండ్ల వరకు పనిచేయు కాపర్-టి, మూడు నెలల కొకమారు తీసికొను అంతర ఇంజెక్షను, లక్నో పరిశోధనాలయమున మన శాస్త్రజ్ఞులు కనుగొన్న మందుతో చేసిన ఛాయ మాత్రలు ఉచితముగ నిత్తురు. ఆశా కార్యకర్త నడిగినచో చెప్పును. ఏది ఎవరికి తగునో వైద్యులు నిర్ణయింతురు. బిడ్డకు పాలిచ్చునంతకాలము గర్భము రాదను నమ్మకము పూర్తిగ నిజము కాదు. కేవలము తల్లిపాలతో పెరుగుచు, ఋతువు తిరిగి రాక, బిడ్డకు ఆరునెలలు నిండనంతవరకే దానిపై కొంత ఆధారపడవచ్చును. డెబ్బదిరెండు గంటలలో వేసికొను అత్యవసర మాత్ర గర్భము రాకుండ చేయునదే గాని నిలిచిన గర్భమును తొలగించునది కాదు. ఇట్టి చిన్నచిన్న విషయములు తెలియకయే పెద్ద దుఃఖములు కలుగుచున్నవి.

ఐతే బలవంతము పనికిరాదు. 1975–77 అత్యవసరస్థితి కాలమున లక్షలాది జనులకు భయపెట్టి ఆపరేషనులు చేయుటచే, కుటుంబనియంత్రణమను మాటయే ప్రజలకు విరోధియైనది. చెప్పి, ఒప్పించి, ఎంచుకొననిచ్చుటయే ధర్మము.

ఈ ఉపాయములతో తీరని పాపమొకటి మిగులును. ఆడశిశువని తెలిసి చంపుట తెలియనితనము కాదు, లోభము. 1994 నాటి చట్టము లింగనిర్ధారణను నిషేధించినది. పండితురాలగు కుమార్తె కావలెనని కోరు దంపతులకు బృహదారణ్యకము ప్రత్యేకవిధి చెప్పినదని ఇట్టివారికి ఎవరైన వినిపింపవలెను.

తుదిగా, ఇప్పటికే గర్భము పోగొట్టుకొన్న స్త్రీలను గూర్చి ఒక మాట. అట్టివారు క్షేత్రములకు వచ్చి, ఎవరికిని చెప్పుకొనక, ధ్వజస్తంభము చాటున కన్నీరు తుడుచుకొనువారై యుందురు. వారిని ప్రశ్నించుటకు ఎవరికిని అధికారము లేదు. ఉత్తర పరుగున వచ్చినప్పుడు భగవానుడు ఆమెను ఏమియు నడుగలేదు, రక్షించెను. శరణాగతవత్సలుని భక్తులమనుకొనువారు ముందుగ నేర్వవలసినది ఆ మౌనమే. నిందకు మౌనము వహించి, బోధకు నోరు తెరచినచో, ఎన్నో గర్భములు భయము లేక నిలుచును; నిలుపుకొనలేని గర్భము కలుగకయే యుండును.

ప్రతి యింట కోరిన బిడ్డయే కలుగునట్లును, కలిగిన బిడ్డ తల్లి కన్నీరు చూడకుండునట్లును శ్రీయఃపతి అనుగ్రహించుగాక!